జబ్బు ఎవరి వైపు నుంచి వచ్చింది? లూపస్, స్క్లెరోడెర్మా, కీళ్ళవాతంలో ఎపిజెనెటిక్స్ పాత్ర

2022 అక్టోబరులో, 'యశోద' సినిమా విడుదలకు కొద్ది రోజుల ముందు, నటి సమంత తనకు మయోసైటిస్ అనే ఆటోఇమ్యూన్ జబ్బు ఉందని సోషల్ మీడియాలో స్వయంగా చెప్పారు. అంతవరకు మన ఇళ్ళలో చాలామంది ఆ పేరే విని ఉండరు. చిన్న వయసు, రోజూ వ్యాయామం, తిండి విషయంలో జాగ్రత్త, మరి ఆవిడకెందుకు వచ్చింది అని అందరూ ఆశ్చర్యపోయారు.

సినిమా తారకు వస్తే ఆశ్చర్యంతో సరిపెడతాం. మనింట్లో అమ్మాయికి వస్తే మాత్రం ప్రశ్న మారిపోతుంది. "మా వైపు ఎవరికీ లేదు, మీ వైపు నుంచే వచ్చి ఉంటుంది" అనే మాట మొదలవుతుంది. పెళ్ళి కావలసిన పిల్లయితే రిపోర్టులు బీరువాలో దాక్కుంటాయి. పెళ్ళయిన పిల్లయితే ముందే తెలిసి దాచారా అని అత్తవారింట్లో అనుమానం. నేను బీయస్సీ చదివిన గృహిణిని, కువైట్‌లో రిగ్గైలో ఉంటున్నాను. డాక్టర్‌ని కాదు. సైన్స్ చదివానని తెలిసిన అక్కలు, చెల్లెళ్ళు ఎక్కువగా అడిగేది ఈ "ఎవరి వైపు" ప్రశ్నే. దానికి ఈ నలభై ఏళ్ళలో శాస్త్రం ఇచ్చిన జవాబు పేరు ఎపిజెనెటిక్స్. దాన్ని వీలైనంత తేలిక మాటల్లో చెప్పే ప్రయత్నం ఇది.

ఇవి ఏ జబ్బులు?

శరీర భాగాలను కలిపి పట్టి ఉంచే కణజాలాన్ని కనెక్టివ్ టిష్యూ అంటారు. మన పాఠ్యపుస్తకాల్లో సంయోజక కణజాలం అని చదువుకున్నాం. చర్మం లోపలి పొర, కీళ్ళ చుట్టూ ఉండే పొరలు, కండరాన్ని ఎముకకు కట్టే పట్టీలు అన్నీ ఈ కోవలోవే. రోగనిరోధక వ్యవస్థ బయటి క్రిముల్ని వదిలి మన సొంత కణాల మీదే దాడి చేస్తే అది ఆటోఇమ్యూన్ జబ్బు. ఆ దాడి ఇలా శరీరమంతా పరుచుకున్న కణజాలం మీద పడితే ఒక్క అవయవంతో ఆగదు.

వీటిలో ముఖ్యమైనవి ఐదు. లూపస్‌లో ముఖం మీద సీతాకోకచిలుక ఆకారంలో ఎర్రటి మచ్చ, కీళ్ళ నొప్పులు, జ్వరం కనిపిస్తాయి, కిడ్నీలు కూడా దెబ్బతినవచ్చు. స్క్లెరోడెర్మాలో చర్మం గట్టిపడి బిగుసుకుపోతుంది, కొందరిలో ఊపిరితిత్తులూ గట్టిపడతాయి. షోగ్రెన్ సిండ్రోమ్‌లో కళ్ళు, నోరు ఎండిపోతాయి. మయోసైటిస్‌లో కండరాలు బలహీనపడతాయి, మెట్లెక్కడం, చేతులెత్తి జడ వేసుకోవడం కష్టమవుతుంది. రుమటాయిడ్ ఆర్థరైటిస్ అంటే మనం కీళ్ళవాతం అనేది. పొద్దున లేవగానే వేళ్ళు గంటసేపు బిగుసుకుపోవడం దాని గుర్తు.

ఇవన్నీ ఆడవాళ్ళకే ఎక్కువ వస్తాయి. లూపస్ ఉన్న పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది స్త్రీలు, అదీ ఎక్కువగా పిల్లల్ని కనే వయసులో. అందుకే కుటుంబంలో దీని బరువు అంత ఎక్కువ.

ఎపిజెనెటిక్స్ అంటే

మన శరీరంలో దాదాపు అన్ని కణాల్లోనూ ఉండే డీఎన్‌ఏ ఒక్కటే. మరి కంటి కణం కంటిలా, కాలేయ కణం కాలేయంలా ఎందుకు ఉంటాయి? ఏ కణంలో ఏ జన్యువు పనిచేయాలి, ఏది ఊరుకోవాలి అనే ఏర్పాటు వేరు కాబట్టి. డీఎన్‌ఏలోని అక్షరాలు మారకుండానే జన్యువుల పనితీరును మార్చే ఈ ఏర్పాటే ఎపిజెనెటిక్స్. ఈ అర్థానికి దగ్గరగా ఆ పదాన్ని 1942లో వాడుకలోకి తెచ్చినవాడు బ్రిటిష్ శాస్త్రవేత్త కాన్రాడ్ వాడింగ్టన్.

మన బీరువాతో పోల్చుకుంటే సులువు. అందులో చీరలన్నీ మనవే. రోజూ కట్టేవి ముందు అరలో ఉంటాయి. పట్టుచీరలు గుడ్డలో చుట్టి లోపల పెడతాం. కొన్ని లాకర్లో పెట్టి తాళం వేస్తాం. చీరలు అవే, చేతికి అందేవి మాత్రం కొన్నే. కణంలోనూ ఈ సర్దుబాటు ముఖ్యంగా మూడు రకాలుగా జరుగుతుంది.

మొదటిది డీఎన్‌ఏ మిథైలేషన్. ఒక కార్బన్, మూడు హైడ్రోజన్లు ఉన్న చిన్న మిథైల్ గుంపు డీఎన్‌ఏకు అతుక్కుంటుంది. జన్యువు మొదట్లో ఇవి ఎక్కువగా ఉంటే సాధారణంగా ఆ జన్యువు పనిచేయదు. ఇది తాళం లాంటిది. రెండోది హిస్టోన్ల మార్పు. హిస్టోన్లు అనే ప్రొటీన్ల చుట్టూ డీఎన్‌ఏ కండెకు చుట్టిన నూలులా ఉంటుంది. గట్టిగా చుడితే జన్యువు అందదు, వదులైతే అందుతుంది. మూడోది మైక్రో ఆర్‌ఎన్‌ఏలు. జన్యువు నుంచి బయల్దేరిన సందేశం ప్రొటీన్‌గా మారకముందే దాన్ని పట్టి ఆపే చిన్న ముక్కలు ఇవి.

వయసు, ఎండ, పొగ, మందులు, ఇన్ఫెక్షన్లు, ఆహారం ఈ సర్దుబాటును మార్చగలవు. ఆటోఇమ్యూన్ జబ్బుల్లో తాళం పడి ఉండాల్సిన కొన్ని జన్యువులు తెరుచుకుంటాయి, తెరిచి ఉండాల్సిన కొన్ని మూతపడతాయి.

ఒక బీపీ మందు ఇచ్చిన ఆధారం

ఈ కథ లూపస్‌తో మొదలైంది. హైడ్రలజైన్ అనే బీపీ మందు, ప్రొకైనమైడ్ అనే గుండె లయ మందు చాలాకాలం వాడిన కొందరిలో అచ్చం లూపస్ లాంటి లక్షణాలు వచ్చేవి. మందు ఆపితే తగ్గిపోయేవి. ఆ రోగుల జన్యువుల్లో అక్షరాలేవీ మారలేదు, మందు ఆగగానే జబ్బూ ఆగింది. మరి మందు లోపల ఏం చేస్తోంది?

అమెరికాలో మిషిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన బ్రూస్ రిచర్డ్‌సన్ బృందం 1980ల్లో దీని వెనక పడింది. మిథైలేషన్‌ను అడ్డుకునే 5-అజాసైటిడిన్ అనే రసాయనాన్ని మనిషి టీ కణాలకు ఇస్తే, అవి సొంత కణాలనే శత్రువులుగా చూడటం మొదలుపెట్టాయని 1986లో చూపించారు. హైడ్రలజైన్, ప్రొకైనమైడ్ కూడా టీ కణాల్లో మిథైలేషన్‌ను తగ్గిస్తాయని 1988లో తేలింది. లూపస్ రోగుల టీ కణాల్లోనూ మిథైలేషన్ తక్కువగా ఉందని 1990లో తేలింది. తర్వాత అలా మార్చిన టీ కణాలను ఎలుకలకు ఎక్కిస్తే వాటికీ లూపస్ లాంటి జబ్బు వచ్చింది.

అంటే తాళాలు ఊడిపోవడం జబ్బుతో పాటు కనిపించే గుర్తు మాత్రమే అనుకోవడానికి లేదు, జబ్బును తెచ్చే శక్తి దానికి ఉంది. ఇక్కడ ఒక హెచ్చరిక. హైడ్రలజైన్‌ను గర్భిణులకు బీపీ బాగా పెరిగినప్పుడు ఇప్పటికీ ఇస్తారు, అది ప్రాణం కాపాడే మందు. లూపస్ లాంటి లక్షణాలు ఎక్కువ మోతాదులో నెలల తరబడి వాడిన కొందరిలో వచ్చేవి. ఇది చదివి ఎవరూ మందు ఆపకండి.

తర్వాతి పరిశోధనల్లో ఏయే జన్యువులు తెరుచుకుంటున్నాయో బయటపడింది. వాటిలో ముఖ్యమైనవి ఇంటర్‌ఫెరాన్‌కు స్పందించే జన్యువులు. ఇంటర్‌ఫెరాన్ అంటే వైరస్ వచ్చిందని శరీరం కొట్టే గంట. లూపస్ రోగుల టీ కణాల్లో, ఇంకా రంగంలోకి దిగనివాటిలో కూడా, ఈ జన్యువుల తాళాలు ముందే తెరుచుకుని ఉన్నాయని 2013లో చూపించారు. వైరస్ లేకపోయినా గంట మోగడానికి అంతా సిద్ధంగా ఉందన్నమాట. ఆ గంట వినబడే ద్వారాన్ని మూసే అనిఫ్రోలుమాబ్ అనే మందుకు అమెరికాలో 2021లో అనుమతి వచ్చింది.

కవలల సాక్ష్యం

"వంశపారంపర్యం" అనే మాటను తూచడానికి కవలల కంటే మంచి తక్కెడ లేదు. ఒకే అండం నుంచి పుట్టిన కవలల డీఎన్‌ఏ ఒక్కటే. జబ్బు పూర్తిగా జన్యువుల చేతిలోనే ఉంటే ఒకరికి వచ్చినప్పుడు రెండోవారికీ రావాలి. 1992లో అమెరికాలో ప్రచురించిన అధ్యయనంలో అలాంటి కవలల్లో ఇద్దరికీ లూపస్ ఉన్నది సుమారు 24 శాతం జంటల్లోనే. వేర్వేరు అండాల నుంచి పుట్టిన కవలల్లో అది సుమారు 2 శాతం.

ఈ రెండు అంకెలనూ కలిపి చదవాలి. 2కీ 24కీ మధ్య తేడా జన్యువుల ప్రభావం ఉందని చెబుతోంది. 24కీ 100కీ మధ్య తేడా మిగతా కథంతా జన్యువుల బయట ఉందని చెబుతోంది.

2010లో స్పెయిన్ శాస్త్రవేత్తల బృందం ఒకరికి జబ్బు ఉండి రెండోవారికి లేని కవలల రక్తాన్ని పోల్చింది. లూపస్ జంటల్లో జబ్బున్నవారికి చాలా జన్యువుల దగ్గర మిథైలేషన్ తగ్గి ఉంది. అదే అధ్యయనంలో కీళ్ళవాతం, డెర్మటోమయోసైటిస్ జంటల మధ్య అంత తేడా కనబడలేదు. కాబట్టి ఎపిజెనెటిక్స్ పాత్ర అన్ని జబ్బుల్లో ఒకే మోతాదులో, ఒకే కణంలో ఉండదు. మయోసైటిస్ విషయంలో పరిశోధన ఇంకా తొలి దశలోనే ఉంది.

ఆడవాళ్ళకే ఎందుకు?

ఇన్నాళ్ళూ హార్మోన్లు అని ఒక్క మాటలో తేల్చేవారు. హార్మోన్ల పాత్ర ఉంది, అయితే ఎక్స్ క్రోమోజోమ్ పాత్ర కూడా పెద్దదే. ఆడవాళ్ళకు రెండు ఎక్స్‌లు, మగవాళ్ళకు ఒకటి. రెట్టింపు కాకుండా ఉండటానికి ఆడవాళ్ళ ప్రతి కణంలో ఒక ఎక్స్‌ను దాదాపుగా మూసేస్తారు. ఇది శరీరంలో జరిగే అతి పెద్ద ఎపిజెనెటిక్ పని. రోగనిరోధక వ్యవస్థకు సంబంధించిన చాలా జన్యువులు ఈ ఎక్స్ మీదే ఉన్నాయి.

లూపస్ ఉన్న స్త్రీల టీ కణాల్లో, మూసి ఉండాల్సిన ఎక్స్ మీద సీడీ40 లిగాండ్ అనే జన్యువు తాళం ఊడి తెరుచుకుందని 2007లో చూపించారు. యాంటీబాడీలు తయారుచేసే బీ కణాలను ఉసిగొల్పేది ఇదే. మగవాళ్ళకు మూసి ఉంచిన రెండో ఎక్స్ లేదు కాబట్టి వాళ్ళలో ఈ మార్పు లేదు. ఇంకో బలమైన ఆధారం క్లైన్‌ఫెల్టర్ సిండ్రోమ్. ఇందులో మగవాళ్ళకు రెండు ఎక్స్‌లు, ఒక వై ఉంటాయి. వాళ్ళకు లూపస్ వచ్చే అవకాశం మామూలు మగవాళ్ళ కంటే సుమారు 14 రెట్లు ఎక్కువని 2008లో లెక్కగట్టారు.

2024 ఫిబ్రవరిలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలోని హోవర్డ్ చాంగ్ బృందం మరో అడుగు వేసింది. ఎక్స్‌ను మూయడానికి ఎక్సిస్ట్ అనే ఆర్‌ఎన్‌ఏ దాని చుట్టూ అల్లుకుంటుంది, దానికి ఎన్నో ప్రొటీన్లు అతుక్కుంటాయి. కణం చచ్చి పగిలినప్పుడు ఆ కట్ట బయటపడితే, శరీరం దాన్నే పరాయిదిగా భావించి యాంటీబాడీలు తయారుచేయగలదని ఎలుకల్లో చూపించారు. లూపస్, స్క్లెరోడెర్మా, డెర్మటోమయోసైటిస్ రోగుల రక్తంలో ఆ ప్రొటీన్ల మీద యాంటీబాడీలు కనబడ్డాయి.

మిగతా జబ్బుల్లో

స్క్లెరోడెర్మాలో కథ చర్మంలోని ఫైబ్రోబ్లాస్ట్ కణాలది. కొల్లాజెన్ తయారీ వాటి పని. ఎంత చేయాలో అదుపులో పెట్టే ఫ్లై1 అనే జన్యువు ఆ కణాల్లో అదనపు మిథైలేషన్‌తో మూతపడి ఉందని 2006లో కనుగొన్నారు. బ్రేకు పోయిన బండిలా కొల్లాజెన్ పెరిగిపోతుంది, చర్మం బిగుస్తుంది. కొల్లాజెన్ సందేశాన్ని ఆపే మైక్రో ఆర్‌ఎన్‌ఏ 29 కూడా తగ్గిందని 2010లో తేలింది. లూపస్‌లో తాళాలు ఊడిపోతే ఇక్కడ అక్కర్లేని చోట తాళం పడింది.

కీళ్ళవాతంలో కీలు లోపలి పొర కణాలే స్వభావం మార్చుకుని మృదులాస్థిని తినేస్తాయి. ఆ కణాల్లో మిథైలేషన్ మొత్తంగా తగ్గి ఉంటుందని 2009లో చూపించారు. షోగ్రెన్‌లో లూపస్ లాగే ఇంటర్‌ఫెరాన్ జన్యువుల తాళాలు వదులవుతాయి.

తాళాలను కదిలించేవి, గల్ఫ్‌లో మన సంగతి

ఎండ మొదటిది. అతినీలలోహిత కిరణాలు లూపస్‌ను రేపుతాయని ఎప్పటినుంచో తెలుసు. కణాల్లో ఆక్సీకరణ ఒత్తిడి పెరిగితే మిథైల్ గుర్తులను అతికించే ఎంజైము తగ్గుతుందని రిచర్డ్‌సన్ బృందమే చూపించింది. కువైట్‌లోని మిత్రిబాలో 2016 జూలైలో 53.9 డిగ్రీలు నమోదైంది. వేసవిలో జూన్ 1 నుంచి ఆగస్టు 31 వరకు పగలు 11 నుంచి సాయంత్రం 4 దాకా బయట పని ఇక్కడ నిషేధం. అది వడదెబ్బ కోసం పెట్టిన నియమమే అయినా లూపస్ ఉన్నవాళ్ళు ఆ వేళలనే ఇంటి నియమంగా పెట్టుకోవచ్చు. కారు పక్క అద్దం లోంచి కూడా కొన్ని అతినీలలోహిత కిరణాలు వస్తాయని గుర్తుంచుకోవాలి. ఎండకు దూరంగా ఉంటే విటమిన్ డి తగ్గుతుంది కాబట్టి దాన్ని పరీక్ష చేయించుకుని డాక్టర్ చెప్పిన మోతాదులో మాత్రలుగా తీసుకోవాలి. అమెరికాలో జరిగిన వైటల్ అనే పెద్ద ప్రయోగంలో, 50 ఏళ్ళు దాటినవారిలో ఐదేళ్ళపాటు రోజుకు 2000 యూనిట్ల విటమిన్ డి తీసుకున్నవాళ్ళకు ఆటోఇమ్యూన్ జబ్బులు 22 శాతం తక్కువగా వచ్చాయని 2022లో ప్రకటించారు. అది జబ్బు రాకముందు సంగతి. వచ్చిన జబ్బును విటమిన్ తగ్గిస్తుందని దానికి అర్థం కాదు.

పొగ రెండోది. కొన్ని రకాల హెచ్‌ఎల్‌ఏ జన్యువులు ఇద్దరు తల్లిదండ్రుల నుంచీ వచ్చి, పైగా సిగరెట్ తాగేవాళ్ళకు ఒక తీవ్రమైన రకం కీళ్ళవాతం వచ్చే అవకాశం, ఆ జన్యువులు, పొగ రెండూ లేనివారి కంటే 21 రెట్లని 2006లో స్వీడన్ అధ్యయనం చెప్పింది. ఆ జన్యు ప్రమాదానికీ జబ్బుకీ మధ్య మెట్టుగా మిథైలేషన్ మార్పులు ఉన్నాయని 2013లో మరో అధ్యయనం చూపింది. సిగరెట్ మానేసి షీషాకు మారితే సరిపోతుందనుకోవద్దు, అదీ పొగాకే.

మూడోది సిలికా పొడి. రాళ్ళు కోసేవాళ్ళు, ఇసుకతో ఇనుము శుభ్రం చేసేవాళ్ళు, కాంక్రీటు తొలిచేవాళ్ళు పీల్చేది ఇదే. దక్షిణాఫ్రికా బంగారు గనుల కార్మికుల్లో స్క్లెరోడెర్మా ఎక్కువగా ఉందని 1957లోనే ఎరాస్మస్ అనే డాక్టర్ రాశారు. మన వాళ్ళు గల్ఫ్‌లో ఇలాంటి పనుల్లో ఎందరో ఉన్నారు. దుమ్ము తుఫాను పీల్చినంత మాత్రాన ఈ జబ్బు వస్తుందని దీన్నిబట్టి భయపడక్కర్లేదు. ఏళ్ళ తరబడి పనిలో సన్నని పొడి పీల్చేవాళ్ళ సంగతి ఇది. సరైన మాస్కు, తడి కోత వాళ్ళ హక్కు.

ఇన్ఫెక్షన్లు నాలుగోది. ఎప్‌స్టీన్ బార్ అనే సాధారణ వైరస్‌కు చెందిన ఒక ప్రొటీన్, లూపస్‌తో ముడిపడిన జన్యు ప్రదేశాల్లో దాదాపు సగం చోట్ల వచ్చి కూర్చుంటుందని 2018లో అమెరికాలోని సిన్సినాటి శాస్త్రవేత్తలు చూపించారు.

మన హైదరాబాద్ నుంచి

క్రిమి వచ్చి మన సర్దుబాటును మార్చగలదా అనే సందేహానికి గట్టి జవాబు ఒకటి హైదరాబాద్ నుంచే వచ్చింది. సీడీఎఫ్‌డీలో సంజీవ్ ఖోస్లా బృందం 2015లో ఒక విషయం ప్రచురించింది. క్షయ బ్యాక్టీరియా విడుదల చేసే ఆర్‌వీ1988 అనే ప్రొటీన్ మన కణ కేంద్రకంలోకి వెళ్ళి హిస్టోన్ మీద మిథైల్ గుర్తు పెడుతుంది, మన రక్షణ జన్యువులను అణచివేస్తుంది. క్షయ వల్ల లూపస్ వస్తుందని దీని అర్థం కాదు. అయితే స్టెరాయిడ్లు, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవాళ్ళలో నిద్రపోతున్న క్షయ లేవవచ్చు కాబట్టి, కొన్ని మందులు మొదలుపెట్టే ముందు మన దేశంలో డాక్టర్లు క్షయ పరీక్ష అడుగుతారు. ఆ పరీక్ష ఎందుకని విసుక్కోవద్దు. 1977లో మొదలైన సీసీఎంబీలో గిరిరాజ్ చందక్ బృందం తల్లి పోషణ పిల్లల డీఎన్‌ఏ మిథైలేషన్‌ను ఎలా మారుస్తుందో పరిశోధించింది. పంజాగుట్ట నిమ్స్‌లో రుమటాలజీకి ప్రత్యేక విభాగమే ఉంది.

ఇంకో తెలుగు ముడి ఉంది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ సంస్థలో నడిపిన పరిశోధనలో ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేశారు. దానికి విరుగుడుగా వచ్చిన అమినోప్టెరిన్‌తో పిల్లల రక్త క్యాన్సర్‌కు చికిత్స మొదలైంది. దాని తోబుట్టువే మెథోట్రెక్సేట్. 1988లో అమెరికా దాన్ని కీళ్ళవాతానికి అనుమతించింది. ఈ రోజుకీ ప్రపంచమంతటా కీళ్ళవాతానికి డాక్టర్లు మొదట రాసే మందు అదే. శరీరంలో మిథైల్ గుంపులు సరఫరా అయ్యే దారికి ఫోలేట్ కీలకం. సుబ్బారావు గారు పనిచేసిన కాలానికి ఎపిజెనెటిక్స్ అనే మాటే కొత్త. ఈ మందు వాడేవాళ్ళు ఒక్కటి మరువకూడదు. కీళ్ళవాతానికి ఇది వారానికి ఒక్కసారి వేసుకునే మందు. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. చీటీ మీద వారం పేరు తెలుగులో రాసి డబ్బాకు అంటించండి.

పిల్లలకు వస్తుందా?

పిండం ఏర్పడే దశల్లో తల్లిదండ్రుల ఎపిజెనెటిక్ గుర్తుల్లో చాలా భాగం తుడిచిపెట్టుకుపోయి కొత్తగా ఏర్పడతాయి. పిల్లలకు వెళ్ళేది జబ్బు వచ్చే అవకాశాన్ని కొంచెం పెంచే జన్యువులే. అవి ఇద్దరి వైపు నుంచీ, ఎన్నో చిన్న చిన్న ముక్కలుగా వస్తాయి. లూపస్ ఉన్న తల్లులకు పుట్టిన పిల్లల్లో చాలామందికి ఎప్పటికీ ఆ జబ్బు రాదు. కాబట్టి "ఎవరి వైపు" అనే ప్రశ్నకు ఏ డాక్టరూ ఒక ఇంటిపేరు చెప్పలేరు.

గర్భం గురించి మాత్రం ముందే మాట్లాడుకోవాలి. జబ్బు కనీసం ఆరు నెలలు అదుపులో ఉన్నాక గర్భం దాల్చడం మంచిది. మెథోట్రెక్సేట్, మైకోఫినోలేట్ లాంటివి ముందే మార్పించుకోవాలి. హైడ్రాక్సీక్లోరోక్విన్‌ను సాధారణంగా గర్భంలోనూ కొనసాగిస్తారు. తల్లికి యాంటీ-రో యాంటీబాడీ ఉంటే బిడ్డ గుండె లయ దెబ్బతినే అవకాశం నూటికి ఒకటి రెండు. అందుకే ఆ పరీక్ష ఫలితం గైనకాలజిస్టుకు మొదటే చూపాలి.

ఎపిజెనెటిక్స్ పేరుతో అమ్మేవాళ్ళు

వాట్సాప్‌లో "మీ జన్యువులను రీసెట్ చేస్తాం" అనే పొడులు, కషాయాలు, డీటాక్స్ ప్యాకేజీలు తిరుగుతున్నాయి. సంగతి ఇదీ. మిథైలేషన్‌ను మార్చే అజాసైటిడిన్‌కు 2004లో, హిస్టోన్ల మీద పనిచేసే వోరినోస్టాట్‌కు 2006లో అమెరికాలో అనుమతి వచ్చింది. రెండూ క్యాన్సర్ రకాలకే. లూపస్‌కో స్క్లెరోడెర్మాకో ఎపిజెనెటిక్ మందు అంటూ అనుమతి పొందింది ఇంతవరకు లేదు. అజాసైటిడిన్ లాంటిది తాళాలన్నీ ఒకేసారి ఊడదీస్తుంది. లూపస్‌లో అసలు సమస్యే తాళాలు ఊడటం అని పైన చూశాం. ప్రయోగశాలల్లోనే ఇంత జాగ్రత్తగా ఉన్న విషయాన్ని ఒక పొడి చక్కదిద్దుతుందంటే నమ్మవద్దు. ఐఎఫ్‌ఐ44ఎల్ అనే జన్యువు మిథైలేషన్ చూసి లూపస్‌ను గుర్తించవచ్చని 2016లో చైనా శాస్త్రవేత్తలు ప్రతిపాదించారు. అదీ మామూలు ల్యాబులో చేసే పరీక్షగా మారలేదు.

నేను ఎక్కువగా భయపడేది పొడి వల్ల కాదు, పొడి మొదలుపెట్టి మాత్ర ఆపేయడం వల్ల. స్టెరాయిడ్ ఉన్నట్టుండి ఆపితే రక్తపోటు పడిపోయి ప్రాణాపాయం రావచ్చు. హైడ్రాక్సీక్లోరోక్విన్ ఆపితే లూపస్ తిరగబెట్టవచ్చు. ఆ మందుకు కంటి పరీక్ష అవసరం. మొదలుపెట్టిన తొలి ఏడాదిలో ఒకసారి, ఐదేళ్ళ తర్వాత ఏటా చేయించుకోవాలి.

ఎప్పుడు డాక్టర్ దగ్గరకు?

కువైట్‌లో మన కడప, గోదావరి జిల్లాల నుంచి వచ్చి ఇళ్ళలో పనిచేసే ఆడవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళ నొప్పులన్నీ "పని ఎక్కువైంది" అనే మాట కింద కప్పబడిపోతాయి. ఈ గుర్తులు ఉంటే ఆ మాటతో సరిపెట్టుకోవద్దు:

పొద్దున వేళ్ళు, మణికట్లు అరగంటకు మించి బిగుసుకుని, ఆరు వారాలకు పైగా ఉంటే.

సూపర్ మార్కెట్ ఫ్రీజర్ దగ్గరో, ఏసీ చల్లదనానికో వేళ్ళు తెల్లబడి, నీలంగా మారి, తర్వాత ఎర్రబడితే. దీన్ని రేనాడ్స్ అంటారు. చాలామందిలో ఇది ప్రమాదం లేనిదే. స్క్లెరోడెర్మాలో మాత్రం తరచు ఇదే మొదటి గుర్తు.

కళ్ళలో ఇసుక పడ్డట్టు ఉండటం, నీళ్ళు లేనిదే అన్నం ముద్ద దిగకపోవడం మూడు నెలలకు మించితే. ఏసీ వల్ల, పొడి గాలి వల్ల అని వదిలేయొద్దు.

ఎండకు వెళ్ళొస్తే ముఖం మీద మచ్చలు, మూత్రంలో నురగ, కాళ్ళ వాపు, మెట్లెక్కలేకపోవడం ఉంటే.

మొదట మీ ప్రాంత పాలిక్లినిక్‌లో చూపించి, రుమటాలజిస్టుకు రిఫరల్ అడగండి. ఏఎన్‌ఏ పాజిటివ్ అని కాగితం రాగానే కుంగిపోవద్దు. 1:160 స్థాయిలో కూడా ఆరోగ్యవంతుల్లో సుమారు 5 శాతం మందికి అది పాజిటివ్ వస్తుందని 1997 నాటి అధ్యయనం చెప్పింది. లక్షణాలు, మూత్ర పరీక్ష, మిగతా యాంటీబాడీలు కలిపి చూశాకే జబ్బు పేరు పెడతారు. సెలవులకు ఊరెళ్ళేటప్పుడు మందులు చేతిసంచిలో, డాక్టర్ చీటీతో పాటు ఉంచుకోండి. ఇక్కడి రిపోర్టుల కాపీ ఒకటి అక్కడి డాక్టర్ కోసం తీసుకెళ్ళండి.

ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బు ఉందని తేలితే మొదటి నెల చాలా కష్టం. ఆ నెలలో కిడ్నీ పరీక్ష సమయానికి జరిగిందా, మందు అర్థమైందా, అమ్మాయికి ఎండలో పని తగ్గిందా అన్నవే అవసరమైన ప్రశ్నలు. "ఎవరి వైపు" అన్నది అడిగేవాళ్ళు ఉంటే కవలల లెక్క చెప్పండి: డీఎన్‌ఏ అంతా ఒక్కటే అయినా నలుగురిలో ముగ్గురు తోబుట్టువులకు రాలేదు.

(ఇది అవగాహన కోసం రాసిన వ్యాసం. చికిత్స నిర్ణయాలు మీ డాక్టర్‌తో మాట్లాడే తీసుకోండి.)